కుడికాలు చూసి ఇచ్చే క్యామ్

ఆ వీధిలో క్యామ్ మేస్త్రి షాపు ఎక్కడంటే చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. టైర్ల కొట్టుకీ రంగుల షెడ్డుకీ మధ్య ఇరుక్కున్న పొడవాటి గది అది. లోపల మనిషి కన్నా పొడవైన సాన యంత్రం, దాని రాయి మీద ఎడతెగకుండా తెల్లటి నూనె నీళ్ళు పోసే గొట్టం, గోడకు వరసగా తగిలించిన క్యామ్‌షాఫ్టులు. గుమ్మం పక్కన ఒక బెంచీ. దాని మీద కబుర్లు చెప్పేవాళ్ళే తప్ప పని మీద వచ్చినవాళ్ళు కూర్చోవడం తక్కువ.

క్యామ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మేస్త్రి ముఖం వెలిగిపోయేది. "ఇంజిన్‌కి ఊపిరి పీల్చడం నేర్పేది ఇదేనయ్యా" అనేవాడు. నిజానికి అదొక ఉక్కు కడ్డీ, దాని మీద కోడిగుడ్డు ఆకారంలో గుబ్బలు. కడ్డీ తిరిగినప్పుడల్లా గుబ్బ మొన వాల్వును తోసి తెరుస్తుంది, ఇంజిన్ గాలి పీల్చుకుంటుంది. గుబ్బ సన్నదైతే వాల్వు చప్పున మూసుకుంటుంది. అలాంటి కారు నిదానంగా పోయినంతసేపూ బుద్ధిగా ఉంటుంది, వేగం పెరిగితే మాత్రం ఆయాసపడుతుంది. గుబ్బ బలిసినదైతే వాల్వు ఇంకాసేపు తెరుచుకుని ఉంటుంది. అప్పుడు పై వేగంలో పరుగే పరుగు. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం గుడగుడలాడి ఆగిపోతుంది.

వచ్చిన ప్రతివాడికీ పెద్ద క్యామే కావాలి. అది కుర్రకారుకు పుట్టుకతో వచ్చే జబ్బు, దానికి మందు లేదని మేస్త్రికి తెలుసు. అందుకని ఆయన వాదించేవాడు కాదు. చేతులు తుడుచుకుని, "పద, నన్నోసారి తిప్పు. నీ కాలు చూడాలి" అనేవాడు. పక్క సీట్లో కూర్చుని, రోడ్డు వైపు చూడకుండా, బండి నడిపేవాడి కుడికాలు వైపు మాత్రమే చూసేవాడు. ఎక్కడ తొక్కుతున్నాడు, ఎక్కడ వదిలేస్తున్నాడు, ఎదురుగా బస్సొస్తే పాదం ఏం చేస్తోంది. నోరు ఎన్ని కోతలైనా కోస్తుంది గానీ పాదానికి అబద్ధం చేతకాదని ఆయన నమ్మకం.

ఒకసారి జబ్బలు చూపించుకుంటూ ఒక కండల బాబు వచ్చాడు. "బాబాయ్, ఊళ్ళో ఎవరికీ లేని క్యామ్ కావాలి" అన్నాడు. మేస్త్రి బండెక్కాడు. కండల బాబు పాదం ప్రతి మలుపుకూ, ప్రతి ఆటోకూ, చివరికి రోడ్డు దాటుతున్న కోడికి కూడా భయపడి లేచిపోయింది. మేస్త్రి తిరిగొచ్చి సన్న గుబ్బలతో మెత్తగా నడిచే క్యామ్ ఒకటి సానబట్టి ఇచ్చాడు. కండల బాబు ముఖం మాడ్చుకునే పట్టుకెళ్ళాడు. కొన్నాళ్ళకు టీ పట్టుకుని మరీ వచ్చి, "బాబాయ్, బండి ఇప్పుడు నా మాట వింటోంది" అన్నాడు. మేస్త్రి ఆ టీ ఎంత దర్జాగా తాగాడో బెంచీ మీదివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంత తెలిసిన మనిషి సొంత ఇంట్లోనే పప్పులో కాలేశాడు.

ఆయన భార్య డ్రైవింగ్ స్కూల్లో టీచరు. ఊరంతా ఆమెను బ్రేకమ్మ అంటారు. నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, ఆ బ్రేకు మీద పాదం ఉంచుకుని సగం ఊరికి బండి నేర్పింది ఆమె. గొంతు పెంచదు, కసురుకోదు. "పరవాలేదమ్మా, గోడ ఎక్కడికీ పోదు, మనమే కాస్త పక్కకు పోదాం" అంటుంది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు పెళ్ళిళ్ళలో కనబడితే కాళ్ళకు దండం పెట్టబోతారు, ఆమె సిగ్గుపడి తప్పించుకుంటుంది.

సాయంత్రం ఇద్దరూ ఎక్కడికైనా బయల్దేరితే మేస్త్రే బండి నడిపేవాడు. "రోజంతా అదే పని కదా నీకు, హాయిగా కూర్చో" అనేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. ప్రేమతోనే అన్నాడు, ఆమె కూడా ప్రేమగానే కూర్చుంది. ఆ మంచితనమే ఇద్దరి మధ్యా గోడలా లేచిందని ఇద్దరికీ తెలియలేదు.

ఊరి చివర ఘాట్ రోడ్డు ఉంది. ఏటా ఒక ఆదివారం దాన్ని మూసేసి పాత కార్లకు కొండెక్కే పోటీ పెడతారు. ఒక్కొక్క కారే పైకి పోతుంది, గడియారం చూసి ఎవరు ముందో చెబుతారు. బ్రేకమ్మ ఏటా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని తాడు వెనక నిలబడేది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె మాత్రం, "వీడు తొందరపడి బ్రేకు వేశాడురా" అని తమ్ముడి చెవిలో గొణిగేది. ఈ ఏడు డ్రైవింగ్ స్కూలువాళ్ళు తమ ముసలి కారును పక్కన పెట్టి ఆమెకే ఇచ్చేశారు. రెండో బ్రేకుతో సహా అది ఇంటి ముందుకొచ్చి నిలబడింది.

ఒకరోజు పొద్దున్నే టీ గ్లాసు చేతికిస్తూ, "ఏమండీ, పోటీకి పేరిచ్చాను. క్యామ్ మీరే చూడాలి" అంది.

మేస్త్రి ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. తన ఆవిడ కొండెక్కుతుంది, తన క్యామ్‌తో! షాపుకు పోయి బెంచీ మీదివాళ్ళకు చెప్పాడు, టైర్ల కొట్టుకు వెళ్ళి చెప్పాడు, రంగుల షెడ్డులో పని ఆపించి మరీ చెప్పాడు. తర్వాత తలుపేసుకుని, ఎవరి బండికీ చూపనంత శ్రద్ధగా ఒక క్యామ్ సానబట్టాడు. మెత్తటిది. తన భార్య సంగతి తనకు తెలియదా? నెమ్మదైన మనిషి, జాగ్రత్త మనిషి, బ్రేకమ్మ. ఇంజిన్ ఎక్కడా కుదపకూడదు, బెదిరించకూడదు. బిగించి స్టార్ట్ చేస్తే బండి నడుస్తున్నట్టే తెలియలేదు. ఆయన మురిసిపోయాడు.

పోటీకి ముందు ఆదివారం సాధన కోసం రోడ్డు ఇచ్చారు. మేస్త్రికి షాపులో పనుండి పోలేదు, బావమరిది వెళ్ళాడు. మధ్యాహ్నానికి కారు తిరిగొచ్చి నిలబడింది. బ్రేకమ్మ దిగి మెట్టు మీద కూర్చుంది.

"ఎలా ఉంది?" అన్నాడు మేస్త్రి, మెచ్చుకోలు కోసం మెడ ముందుకు చాపి.

"బావుందండీ. సంతకు పోవడానికి బావుంది."

"అదేంటి, అంత మెత్తగా ఉంటేనూ?"

"మెత్తదనం నాకెందుకండీ? సగం కొండ ఎక్కేసరికి దానికి ఊపిరాడట్లేదు. నేను పదమంటే అది కాళ్ళీడుస్తోంది."

"మలుపుల్లో అలా ఉంటేనే నీకు క్షేమమని..."

"మలుపుల్లో నేనేం చేస్తానో మీకేం తెలుసు?"

ఆమె గొంతు పెంచలేదు, అదే మేస్త్రిని ఎక్కువ భయపెట్టింది. "ముక్కూ మొహం తెలియనివాళ్ళ కాలు చూడ్డానికి ఊరంతా తిరుగుతారు. నా కాలు చూడాలని మాత్రం తోచలేదు మీకు. పోనివ్వండి. రేపు పేరు తీసేయించుకుంటాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

బావమరిది స్తంభానికి ఆనుకుని అంతా విన్నాడు. పెట్రోలు బంకులో మేనేజరు అతను, నోటికి తాళం లేనివాడు. "బావా, పెళ్ళైనప్పట్నుంచీ మా అక్క వంట తిన్నావు, మా అక్క మాట విన్నావు. మా అక్క పక్కన ఎప్పుడైనా కూర్చున్నావా?" అన్నాడు.

"ఎందుకు కూర్చోలేదురా, ఎన్ని ఊళ్ళు తిరగలేదు!"

"ఆ ఊళ్ళకు నడిపింది ఎవరు?"

భార్య సంగతి మేస్త్రికి తెలుసు. ఒకసారి వద్దన్నదాన్ని మళ్ళీ అడిగే మనిషి కాదామె. రేపు పేరు తీసేయించుకుంటే వచ్చే ఏడు ఇవ్వదు, ఆపై ఏడూ ఇవ్వదు. తాడు వెనక కూడా నిలబడదేమో. ఆమె అన్నేళ్ళుగా దాచుకున్న కోరికను తన చేత్తో తనే నలిపేశానని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు ఆమె చెప్పులేసుకుంటుంటే ఆయన గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. షాపులో అందరితోనూ అనే మాటే అన్నాడు. "నన్నోసారి తిప్పు. నీ కాలు చూడాలి."

ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది. చెప్పులు విడిచి, అడుగు పల్చబడ్డ పాత గుడ్డబూట్లు వేసుకుని కారెక్కింది. ఆయన పక్క సీట్లో కూర్చోబోతే, "మీ కాళ్ళ దగ్గర బ్రేకుంది. దాని మీద పాదం పెట్టారంటే మీకూ నాకూ మాటల్లేవు" అని హెచ్చరించింది. మేస్త్రి తనను తాను నమ్మలేక, రెండు కాళ్ళూ సీటు మీదికి మడుచుకుని బాసింపట్టు వేసి కూర్చున్నాడు.

కారు ఊరు దాటింది. రాళ్ళ క్వారీ వెనక మెలికలు తిరుగుతూ ఎక్కే పాత దారి ఒకటుంది, లారీలు మానేశాక అటు ఎవరూ పోరు. ఆమె అటు తిప్పింది. అద్దం సర్దుకుంది. ఆ తర్వాత జరిగింది మేస్త్రి ఎన్నిసార్లు చెప్పినా ప్రతిసారీ చేతులు ఊపుతూనే చెబుతాడు.

మొదటి మలుపు మీద పడుతోంది. ఇక్కడ యాక్సిలరేటర్ వదులుతుంది అనుకున్నాడు, ఆమె వదల్లేదు. ఇక్కడ వదలాలి అనుకున్నాడు, అప్పుడూ వదల్లేదు. ఆయన కాళ్ళు కిందికి దిగబోతే చేతుల్తో పట్టుకున్నాడు. అప్పుడు ఆ పాదం కదిలింది. వేళ్ళ వైపు బ్రేకు మీద గట్టిగా దిగింది, అదే పాదం మడమ పక్కకు వాలి యాక్సిలరేటర్‌ను టక్కున తట్టింది. ఎడమకాలు క్లచ్చు మీద, చెయ్యి గేరు మీద, అన్నీ ఒక్క లాఘవంలో. గేరు దిగింది గానీ ఇంజిన్ మోత పడిపోలేదు. కారు మలుపంతా గీత గీసినట్టు తిరిగి పైకి లంఘించింది. లంఘించాక పాపం ఇంజిన్ ఆయాసపడింది, తను పెట్టిన మెత్తటి క్యామ్ దగ్గర అంతకన్నా ఊపిరి లేదు. మేస్త్రికి ఆ ఆయాసం తన గొంతులోనే వినిపించింది.

రెండో మలుపూ అంతే, మూడోదీ అంతే. ఒకే పాదంతో బ్రేకూ, యాక్సిలరేటరూ తొక్కేవాళ్ళను ఆయన తన జన్మలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందిని చూశాడు. ఇంత శుభ్రంగా తొక్కినవాళ్ళను చూడలేదు. అన్నేళ్ళు పక్క బ్రేకు మీద రెప్పపాటులో కదలడానికి సిద్ధంగా కూర్చున్న పాదం మరి! దానికి తెలియని తొందర లేదు, తను ఒక్క పొరపాటూ చేయకుండానే ఊరందరి పొరపాట్లూ చూసింది.

కొండ మీద ఆమె కారాపింది. మేస్త్రి బాసింపట్టు విప్పలేదు, నోరు వెళ్ళబెట్టుకునే ఉన్నాడు.

"ఇదెప్పుడు నేర్చుకున్నావే?"

"శుక్రవారాలు" అంది ఆమె, స్టీరింగు వైపు చూస్తూ.

"శుక్రవారాలు నీకు ఆలస్యమయ్యేది కదా? చివర వచ్చే శిష్యురాలికి బుర్ర తక్కువ, ఎంత చెప్పినా ఎక్కట్లేదు అనేదానివి!"

"ఆ బుర్ర తక్కువది నేనేనండీ."

మేస్త్రికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని, డ్యాష్‌బోర్డు మీద తల వాల్చి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాడు. ఆ శిష్యురాలి మీద ఆయన ఎన్ని శుక్రవారాలు జాలిపడ్డాడో! "ఆ పిల్లకు డ్రైవింగ్ అచ్చిరాదేమో, మానేయమని చెప్పకూడదూ" అని సలహా కూడా ఇచ్చాడు. ఆయన నవ్వు చూసి ఆమెకూ నవ్వొచ్చేసింది. ఇద్దరూ ఆ పాడుబడ్డ క్వారీ పైన కూర్చుని పిచ్చివాళ్ళలా నవ్వుకున్నారు. నవ్వు తగ్గాక మేస్త్రికి కొత్తగా పెళ్ళైనంత సిగ్గేసింది, గర్వమూ వేసింది.

"పేరు తీసేయించకు" అన్నాడు. "తప్పు నాది."

"క్యామ్ మారుస్తారా?"

"కాలు చూశాక ఇంకా అడగాలా?"

షాపుకొచ్చి గోడ మీది క్యామ్‌లు మూడు తీసి బల్ల మీద పరిచాడు. ఆమె చూపు నేరుగా అన్నిటికన్నా బలిసిన గుబ్బల మీద పడింది. "ఇది" అంది.

"నీకూ వచ్చిందా కుర్రకారు జబ్బు!"

"వస్తే ఏం?"

"ఏమీ కాదు. ఘాట్ రోడ్డు మీద ఆ గుండ్రాయి పక్క మలుపు ఉందే, వెనక్కి తిరిగినంత పని చేసేది, అక్కడ ఒకటో గేరుకు దిగుతావా?"

ఆమె కళ్ళు మూసుకుంది. కుడిపాదం నేల మీద తనంతట తానే కదిలింది. "దిగను. రెండులోనే తిప్పుతాను. ఒకటికి దిగితే మళ్ళీ ఎక్కడానికి టైం పోతుంది."

"ఈ పెద్దదైతే అక్కడ రెండో గేరులో నిద్రపోతుంది. నువ్వు ఎంత తట్టినా లేవదు. దీనికన్నా కాస్త ముందు లేచేది కావాలి, చివరిదాకా ఊపిరి ఆడేది కావాలి." మూడింటినీ మళ్ళీ గోడకు తగిలించేశాడు. "వీటిల్లో నీది లేదు. నీది నేను చెయ్యాలి."

ఆ వారం బెంచీ మీదివాళ్ళకు పండగే. మేస్త్రి సాన యంత్రం మీద వంగి ఒక్కొక్క గుబ్బనూ వెంట్రుకవాసి చొప్పున దించుతుంటే, ఆమె స్కూలు నుంచి నేరుగా వచ్చి పక్కన స్టూలు మీద కూర్చునేది. రాయి నుంచి నూనె నీళ్ళు చిమ్మి ఇద్దరి బట్టలూ మచ్చలయ్యాయి. కొత్త గుబ్బలకు వాల్వులను మూసే పాత స్ప్రింగులు చాలవని గట్టి స్ప్రింగులు వేశాడు. పోటీవాళ్ళు ఒప్పుకోరని రెండో బ్రేకు ఊడదీస్తుంటే మాత్రం ఆమె కాస్త దిగులుపడి, దాన్ని తుడిచి పక్కన పెట్టింది.

బిగించాక స్టార్ట్ చేశారు. కొత్త క్యామ్‌ను మొదట్లో స్లోలో వదలకూడదు కాబట్టి కాసేపు రేస్ ఇచ్చే ఉంచాడు మేస్త్రి. తర్వాత మెల్లగా తగ్గించాడు. కారు మొత్తం గుడగుడమంటూ ఊగింది, బానెట్ అంచు మీద పెట్టిన టీ గ్లాసు నడుచుకుంటూ పోయి కింద పడింది.

"అక్కా, దీనికి చలిజ్వరం పట్టుకుందే!" అన్నాడు బావమరిది.

"పట్టనీరా" అంది ఆమె, ఆ ఊగే బానెట్ మీద చెయ్యి వేసి. ఆమె ముఖం చూసి మేస్త్రి తృప్తిగా రెంచి జేబులో పెట్టుకున్నాడు, అది నూనె ఓడుతోందని కూడా చూసుకోలేదు.

పోటీ రోజు ఎండ చక్కగా కాసింది. నడిపేవాళ్ళు తప్ప కొండ మీదికి ఎవర్నీ పోనివ్వరు. మేస్త్రీ, బావమరిదీ కింద తాడు దగ్గర నిలబడ్డారు. అక్కడ్నుంచి మొదటి మలుపు ఒక్కటే కనిపిస్తుంది, ఆపైన అంతా చెట్లు. మెరిసే కార్లు ఒక్కొక్కటే పైకి వెళ్ళాయి. చివరికి డ్రైవింగ్ స్కూలు పేరు ఇంకా సగం చెరగని ఆ ముసలి కారు వచ్చి గీత మీద నిలబడి ఊగింది. వెనక ఎవరో నవ్వారు. బావమరిది తిరిగి చూసేలోపు జెండా దిగింది.

కారు మొదటి మలుపు తిరిగి కనబడకుండా పోయింది. బావమరిది చెట్ల మధ్యలోంచి చూడాలని మునివేళ్ళ మీద లేచాడు. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. పైనుంచి మోత వస్తోంది. ఒక్కొక్క మలుపు దగ్గర గేరు దిగడం, ఆ వెంటనే మడమ తట్టగానే ఇంజిన్ పెట్టే చిన్న అరుపు, మళ్ళీ లేచిపోవడం. గుండ్రాయి మలుపు వచ్చింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. మోత కొంచెం వంగింది, పడిపోలేదు, అంతలోనే గొంతు విప్పుకుని పైకి పరుగెత్తింది. తను చేసిన గుబ్బలూ ఆమె పాదమూ ఒకదాన్నొకటి పట్టుకోవడం ఆయనకు అంత దూరం నుంచి తెలిసిపోయింది. ఆ తర్వాత ఒకచోట మోత తెగింది. ఒక్క క్షణం. మళ్ళీ అందుకుని శిఖరందాకా పోయింది.

మైకులో టైం చెప్పారు. మొదటి బహుమతి కాదు, రెండోదీ కాదు. కానీ నవ్వినవాళ్ళ కార్లన్నిటికన్నా ముందే. బావమరిది తాడు దాటి గెంతుతూ, దొరికినవాళ్ళందరికీ "మా అక్క! మా అక్కండీ!" అని చెప్పుకున్నాడు.

కార్లన్నీ వరసగా దిగొచ్చాయి. బ్రేకమ్మ హెల్మెట్ తీసింది. జుట్టంతా చెమటకు అంటుకుపోయింది, ముఖం పదేళ్ళు వెనక్కి పోయింది. ఆమె ఏదో చెప్పబోయేలోపే మేస్త్రి అడిగాడు.

"గుండ్రాయి దాటాక, తర్వాతి మలుపులో ఎందుకు వదిలావు?"

ఆమె తెల్లబోయింది. "మీరు పైకొచ్చారా?"

"లేదు. ఇక్కడే ఉన్నాను. ఒక్క క్షణం వదిలి మళ్ళీ పట్టుకున్నావు."

"కుక్క అడ్డమొచ్చిందండీ. మలుపవతల ఉంది, ఎవరికీ కనబళ్ళేదు."

"తప్పుకుందా?"

"తప్పుకుంది."

మేస్త్రి హాయిగా నిట్టూర్చాడు. ఆమె మాత్రం ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పెదాల మీద నవ్వు ఆగట్లేదు. ఆయన నూనె మరకల చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ మలుపులో నేనొక్కదాన్నే ఉన్నాననుకున్నానండీ" అంది.